ల్యాప్‌టాప్‌కి జ్వరమొచ్చింది!

రాత్రి పదకొండు దాటాక ఇంట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు. ఈ వేళప్పుడు పచ్చడి రుబ్బుతున్నదెవరా అని లేచి చూస్తే వంటగది చీకటిగానే ఉంది. చప్పుడు మా అమ్మాయి గదిలోంచి వస్తోంది. మంచం మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్, దాని ముందు మోకాళ్లు ముడుచుకుని మా అమ్మాయి. తెర మీద బొమ్మ కదలడం లేదు. తను కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైందమ్మా?"

"ఒక్క ఫ్రేముకి పదకొండు నిమిషాలు పడుతోంది నాన్నా. నాకు మొత్తం 720 ఫ్రేములు కావాలి."

మా అమ్మాయిది ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం. థీసిస్ జ్యూరీకి తొమ్మిది రోజులుంది. తను గీసిన భవనంలోకి మనమే నడిచి వెళ్తున్నట్టు కనిపించే 30 సెకన్ల వీడియో చెయ్యాలి. సెకనుకి 24 బొమ్మలు. ఒక్కో బొమ్మనీ వెలుగు నీడలతో సహా కంప్యూటరే లెక్కగట్టి గీస్తుంది. దాన్నే రెండరింగ్ అంటారు. నేను పాత బిల్లు వెనక లెక్క వేశాను. 132 గంటలు! ఒక్క నిమిషం ఆపకుండా నడిపినా అయిదున్నర రోజులు. మధ్యలో ఒక్క తప్పు దొరికిందా, మళ్లీ మొదటికి.

ఆ సమయంలో తండ్రి అన్నవాడు ధైర్యం చెప్పాలి. నేనేమన్నానో తెలుసా? "రోజూ సాయంత్రం దానిమీద ఆ గేమ్స్ ఆడితే పాడవక ఏమవుతుంది?"

తను మారు మాట్లాడలేదు.

మూడేళ్ల క్రితం ఏడాది ఈఎంఐ మీద కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్ అది. ఆర్కిటెక్చర్ పిల్లలు వాడే త్రీడీ సాఫ్ట్‌వేర్లకు గట్టి గ్రాఫిక్స్ చిప్ కావాలి. అది గేమింగ్ ల్యాప్‌టాప్‌లలోనే కాస్త అందుబాటు ధరకు దొరుకుతుంది. అందుకే కొన్నాం. పనిలో పనిగా తను వాలరెంట్ కూడా ఆడేది.

మర్నాడు పొద్దున్నే సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాం. సాయంత్రానికి ఫోనొచ్చింది. "మదర్‌బోర్డు పోయింది సార్. 38 వేలవుతుంది. బోర్డు రావడానికి పది రోజులు."

"బోర్డు పోయిందని ఎలా తెలిసింది?" అన్నాను.

"వేడెక్కిపోతోంది కదా సార్!"

నాకు ఆ జవాబు దగ్గర చిన్న అనుమానం మొదలైంది. జ్వరమొచ్చింది కాబట్టి గుండె మార్చేద్దాం అన్నట్టుంది. నేను చదివింది కామర్సే. కానీ థర్మామీటరు పెట్టకుండా ఆపరేషన్ చెయ్యరని తెలియడానికి కామర్స్ చాలు. ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకున్నాం. ఇంకా ఎనిమిది రోజులు.

నెమ్మదించేది ఎందుకంటే...

ఆ రాత్రి కూర్చుని చదివితే మొదట అర్థమైన విషయం ఇది. వేడెక్కిన ల్యాప్‌టాప్ నెమ్మదించడం దానంతట అది చేసుకునే ఆత్మరక్షణ. లోపలి ప్రాసెసర్‌కి ఒక హద్దు పెట్టి ఉంటారు. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు అది 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్‌లు చాలావరకు 87 దగ్గరే జాగ్రత్త పడతాయి. హద్దు తగలగానే చిప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే కరెంటు తక్కువ తాగుతుంది, వేడి తగ్గుతుంది. దీని పేరు థర్మల్ థ్రాట్లింగ్. ఎండలో బరువు మోసేవాడు చెట్టు నీడన కాసేపు ఆగినట్టు అన్నమాట. వాడికి గుండె జబ్బని ఎవరూ అనరు కదా!

మరి ఇంత వేడి ఎక్కడిది? మా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ 45 వాట్లు, గ్రాఫిక్స్ చిప్ 95 వాట్లు లాగుతాయి. ఆ 140 వాట్లూ చివరికి వేడిగానే మారతాయి. పాతకాలం 60 వాట్ల బల్బులు రెండు వెలిగించి పుస్తకమంత డబ్బాలో పెట్టి మూత వేసినట్టే. ఆ వేడి బయటికి పోవడానికి ఒక దారి ఉంది. చిప్ మీద థర్మల్ పేస్ట్ అనే పలచటి పూత. దానిమీద రాగి గొట్టాలు. ఆ గొట్టాల చివర సన్నటి రేకుల జాలీ. పక్కనే ఫ్యాన్. ఫ్యాన్ కింద నుంచి గాలి పీల్చి, ఆ జాలీలోంచి బయటికి ఊదుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా వేడి లోపలే నిలబడిపోతుంది.

అంటే మనం చెయ్యాల్సిన పని ఒక్కటే. అడ్డు ఎక్కడుందో వెతకాలి. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ కొలవాలి. నాలుగూ ఒకేసారి చేసేస్తే తగ్గింది దేనివల్లో తెలీదు.

ముందు థర్మామీటరు

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేశాం. ఉష్ణోగ్రత, వేగం, ఎన్ని వాట్లు లాగుతోంది, థ్రాట్లింగ్ జరుగుతోందా లేదా, అన్నీ చెబుతుంది. గది వేడి 36 డిగ్రీలు. ఏ పనీ చెయ్యకుండా ఉన్నప్పుడే ప్రాసెసర్ 67. రెండరింగ్ మొదలెట్టిన రెండో నిమిషానికి 100! వేగం 4.2 గిగాహెర్ట్జ్ నుంచి 1.9కి పడిపోయింది. థ్రాట్లింగ్ వరసలో ఎర్రగా 'ఎస్' అని వచ్చింది. గ్రాఫిక్స్ చిప్ 87. అనుమానం రూఢి అయింది.

"ఇలా ఎప్పట్నుంచమ్మా?" అనడిగాను.

"మార్చి నుంచి నాన్నా. అంతకుముందు బానే ఉండేది."

మార్చి అంటే ఎండలు మొదలయ్యే నెల. సరిపోయింది అనుకున్నాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఎండ సంగతి నిజమే. అదే పనికి గది ఒక డిగ్రీ వేడెక్కితే చిప్ కూడా దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. డిసెంబరులో 85 దగ్గర హాయిగా నడిచినది మే నెలలో హద్దు తాకుతుంది. రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటారు, ల్యాప్‌టాప్ ఏపాటి!

ఖర్చు లేని వైద్యం

మొట్టమొదట దిండు తీసేశాం. పరుపు, దిండు, ఒళ్లో చీర కుచ్చిళ్లు... ఇవన్నీ కింద గాలి పీల్చే రంధ్రాల్ని మూసేస్తాయి. గట్టి బల్ల మీద పెట్టి, వెనక కాళ్ల కింద రెండు సీసా మూతలు పెట్టాం. గ్రాఫిక్స్ చిప్ 87 నుంచి 83కి దిగింది. ఒక్కో ఫ్రేముకి పది నిమిషాలు. రూపాయి ఖర్చు లేకుండా నిమిషం ఆదా!

తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచాం. బ్రౌజర్లో అరవై ట్యాబులు. ఫొటోలన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తున్న ప్రోగ్రాం ఒకటి. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే వాటంతటవే లేచి కూర్చునే గేమ్ లాంచర్లు మూడు. అన్నీ మూశాం. ఖాళీగా ఉన్నప్పటి వేడి 67 నుంచి 58కి వచ్చింది. కానీ రెండరింగ్ పెడితే ప్రాసెసర్ మళ్లీ 100కే ఎక్కి కూర్చుంది. ఇక లోపల చూడాల్సిందే.

మూత తీస్తే దుప్పటి!

వారంటీ అయిపోయింది కాబట్టి ధైర్యం చేశాను. వారంటీ ఉన్నవాళ్లు మాత్రం ముందు షరతులు చదువుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అంటారు. అక్కడికెళ్లి థర్మల్ పేస్ట్ ట్యూబు 650, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 250 పెట్టి కొన్నాను. రంగులేసే మెత్తటి బ్రష్షు 40. స్క్రూడ్రైవర్ల సెట్టు పక్కింటాయనది.

ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకున్నాను. కింది మూత స్క్రూలు అన్నీ ఒకే పొడవుండవు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకే చిల్లు పడొచ్చు. మా అమ్మాయి తెల్లకాగితం మీద మూత బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనీ దాని చోటే పెట్టింది. ఆర్కిటెక్చర్ చదువు అలా పనికొచ్చింది. పాత ఏటీఎం కార్డుతో అంచులు విడదీసి మూత తీశాం. తియ్యగానే చెయ్యాల్సిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యడం. అది అయ్యేదాకా ఇంకేదీ ముట్టుకోకూడదు.

ఫ్యాన్ రెక్కల మీద కొంచెం దుమ్ము తప్ప ఏమీ లేదు. ఇంతేనా అనుకున్నాను. ఫ్యాన్ కప్పు విప్పి చూస్తే, ఫ్యాన్‌కీ రేకుల జాలీకీ మధ్య బూడిదరంగు దుప్పటి! మూడేళ్ల దుమ్ము, పరుపు దూది, మా ఇంటి ఆడవాళ్ల వెంట్రుకలు కలిసి నమ్దా గుడ్డలా అట్టకట్టాయి. పటకారుతో పట్టి లాగితే ఒకే ముక్కగా వచ్చింది. రెండో వైపు కూడా అంతే. బయటినుంచి ఎంత గాలి కొట్టినా ఈ పొర రాదు, ఇంకా లోపలికి ఇరుక్కుంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగులు పాడవుతాయి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ బోర్డు దగ్గరికి తేకూడదు. అది పుట్టించే స్టాటిక్ కరెంటు చిప్‌లను చంపేస్తుంది.

తర్వాత రాగి గొట్టాల పట్టీ తీశాం. దాని స్క్రూల పక్కన 1, 2, 3 అంటూ అంకెలుంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి, బిగించేటప్పుడు చిన్న అంకె నుంచి, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా తిప్పాలి. పాత పేస్టు గోడమీద ఎండిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఉంది. ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో అద్దంలా తుడిచి, కొత్త పేస్టు చిప్ మొత్తం కప్పేలా పలచగా రాశాం. పక్కన ఉండే మెత్తటి ప్యాడ్‌లని చెదరనివ్వలేదు. అవి చిరిగితే అదే మందానివి తెచ్చి పెట్టాలి. మందం తేడా వస్తే రాగి పట్టీ చిప్‌కి ఆనదు.

కొన్ని ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో పేస్టు బదులు లిక్విడ్ మెటల్ అని పాదరసంలా మెరిసేది ఉంటుంది. దానిలోంచి కరెంటు ప్రవహిస్తుంది. బోర్డు మీద ఒక్క చుక్క పడినా షార్టే. అది కనిపిస్తే మూత మూసేసి తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. అలాగే బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, ల్యాప్‌టాప్ బల్లమీద సమంగా కూర్చోకపోయినా వెంటనే వాడటం ఆపాలి. దాన్ని నొక్కడం, గుచ్చడం ప్రాణం మీదికి తెస్తుంది.

అన్నీ బిగించి ఆన్ చేశాం. ఆ అరనిమిషం నేను దేవుణ్ని తల్చుకున్నమాట నిజం. తెర వెలిగింది. ఖాళీగా 49 డిగ్రీలు. రెండరింగ్‌లో 84. గ్రాఫిక్స్ చిప్ 76. వేగం 3.6. ఫ్రేముకి అయిదు నిమిషాలు! మా అమ్మాయి గెంతులేసింది. నేను మా ఆవిడ వైపు చూసి కాలరెగరేశాను.

వేడి లేదు, వేగమూ లేదు!

నలభై నిమిషాలు తిరక్కుండా మళ్లీ గదిలోంచి కేక. "నాన్నా, మళ్లీ తొమ్మిది నిమిషాలు!"

పరుగెత్తాను. థర్మామీటరు చూస్తే 68 డిగ్రీలే. థ్రాట్లింగ్ 'నో'. ఫ్యాన్ కూడా గొంతు తగ్గించింది. జ్వరం లేదు, రోగి మాత్రం లేవట్లేదు! గ్రాఫిక్స్ చిప్ లాగే కరెంటు 95 వాట్ల నుంచి 40కి పడిపోయి ఉంది. సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పిందే నిజమేమో, బోర్డే పోయిందేమో అని నా గుండె జారింది. 38 వేలు పోతే పోయాయి, పది రోజులు ఎక్కణ్నుంచి తేవాలి?

మా అమ్మాయి తెర మూల చూపించింది. "నాన్నా, ఛార్జింగ్ పెట్టే ఉంది కదా? మరి బ్యాటరీ 34 శాతం ఏంటి?"

ఛార్జర్ తగిలించి ఉండగా బ్యాటరీ తగ్గడమేమిటి? కింద పడున్న అడాప్టర్ చేతిలోకి తీసుకుని, వెనక ఉన్న చిన్న అక్షరాలు మొదటిసారి చదివాను. 19.5 వోల్టులు, 6.15 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 120 వాట్లు. ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ చూశాను. 19.5 వోల్టులు, 11.8 ఆంపియర్లు. అంటే 230 వాట్లు.

అప్పుడు గుర్తొచ్చింది. మార్చిలో అసలు అడాప్టర్ వైరు తెగింది. ఒరిజినల్ 4,800 అన్నారు. "ఛార్జరంటే ఛార్జరే కదా" అని నేనే 900కి ఇంకోటి పట్టుకొచ్చాను. పిన్ను సరిపోయింది, లైటు వెలిగింది. ఇంకేం కావాలనుకున్నాను.

జరిగిందేమిటంటే, ఆ చిన్న అడాప్టర్ పూర్తి పనికి చాలదు. లోటు బ్యాటరీ పూడుస్తూ వచ్చింది. అది ఒక స్థాయికి దిగగానే ల్యాప్‌టాప్ తన ఖర్చు తనే కుదించుకుంది. బ్యాటరీ అదే పనిగా ఖాళీ అవుతూ నిండుతూ తనవంతు వేడి కూడా చేర్చింది. కొన్ని ల్యాప్‌టాప్‌లైతే తమ కంపెనీది కాని అడాప్టర్‌ని గుర్తుపట్టక మొదటినుంచే అతి తక్కువ వేగంలో ఉండిపోతాయి. మార్చిలో ఎండలూ మొదలయ్యాయి, నా అడాప్టరూ మొదలైంది. నేను ఎండనే అనుమానించాను, గేమ్స్‌ని తిట్టాను.

అడాప్టర్ కొనేటప్పుడు చూడాల్సింది ఇంతే. వోల్టులు అసలుదానితో సరిగ్గా కలవాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువ మాత్రం కాకూడదు. పిన్ను సరిపోవడం ఒక్కటే కొలత కాదు.

మర్నాడే కంపెనీ షోరూమ్‌లో 4,800 కట్టి ఒరిజినల్ తెచ్చాను. జ్యూరీకి ఆరు రోజులు. రెండరింగ్ పెట్టి రెండు గంటలు కదలకుండా చూశాను. బ్యాటరీ 100 దగ్గరే నిలబడింది. ఫ్రేముకి అయిదు నిమిషాలు, కదల్లేదు.

వేసవికి ఒక చిట్కా

పగలు బయట 41 ఉన్నప్పుడు ప్రాసెసర్ మళ్లీ 90 దాటబోయింది. దానికో సులువు ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్. అక్కడ మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటుంది, దాన్ని 99 చెయ్యాలి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. కానీ దాంతో ప్రాసెసర్ టర్బో పరుగు మానేస్తుంది. మాది 72కి దిగింది. పని ఎక్కువగా గ్రాఫిక్స్ చిప్‌దే కాబట్టి ఫ్రేముకి ఇరవై సెకన్లే పెరిగింది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ వరస కనిపించదు. అప్పుడు కంపెనీ ఇచ్చే ప్రోగ్రాంలో టర్బో మోడ్ తీసి బ్యాలెన్స్‌డ్‌లో పెట్టుకోవాలి. గేమ్స్ ఆడేవాళ్లు సెకనుకి ఫ్రేముల హద్దు 60కో 90కో కట్టేస్తే వేడి అక్కడే తగ్గుతుంది. ఎయిర్ కూలర్ ఎదురుగా మాత్రం ల్యాప్‌టాప్ పెట్టకండి. ఆ తడిగాలి చల్లగా ఉంటుంది గానీ బోర్డుకి మంచిది కాదు.

మొత్తం 64 గంటలు పట్టింది. ఇంకా మూడు రోజులు చేతిలో ఉండగానే వీడియో పూర్తయింది. వేసి చూస్తే ఒక తలుపు గోడలోకి తెరుచుకుంటోంది! 48 ఫ్రేములు మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. చేసింది, నవ్వుతూనే చేసింది. పాత వేగంతోనే ఉంటే ఆ తలుపు గోడలోకే తెరుచుకునేది, జ్యూరీ ముందు.

ఖర్చు మొత్తం 5,740. అందులో 4,800 మార్చిలోనే పెట్టాల్సింది. అయితే అన్ని ల్యాప్‌టాప్‌లూ ఇంట్లోనే బాగవుతాయని చెప్పను. నిజంగా బోర్డు పోయేవీ ఉంటాయి. మూత విప్పడానికి భయమైతే విప్పకండి. సర్వీస్ సెంటర్‌కి వెళ్లినా మూడు ప్రశ్నలు మాత్రం అడగండి. వేడి ఎంత చూశారు? శుభ్రం చేసి, పేస్టు మార్చాక మళ్లీ చూశారా? సరైన అడాప్టర్‌తో పరీక్షించారా? ఈ మూడింటికీ అంకెలతో జవాబొస్తే, అప్పుడు బోర్డు గురించి మాట్లాడుకోవచ్చు.

జ్యూరీ అయిన రోజు సాయంత్రం మా అమ్మాయి ల్యాప్‌టాప్ అడుగున చిన్న కాగితం అంటించింది. శుభ్రం చేసిన తేదీ, కిందనే వచ్చే ఏడాది ఫిబ్రవరి అని. ఎండలు రాకముందే అన్నమాట. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆటకి కూర్చుంది.

"గేమ్స్ ఆడితే పాడైందన్న మాట వెనక్కి తీసుకుంటున్నా తల్లీ" అన్నాను గుమ్మం దగ్గర నిలబడి.

ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపింది. "ఛార్జరంటే ఛార్జరే అన్న మాట?"

"అది కూడా."